గుండ్లదిన్నెలో దిగిన విమానం

పొద్దు గూకేసరికి హులిగెమ్మ ఒడినిండా పత్తి నింపుకొని చేని గట్టుమీద కూలబడేది. అప్పటికి పగిలిన కాయలు ఒకటొకటిగా వెలగడం మొదలుపెట్టేవి. ముందు లేత పసుపుగా, చీకటి చిక్కబడేకొద్దీ పాల తెలుపుగా. ఆమె అత్త కాలం నుంచీ ఆ చేలో పత్తి అట్లనే వెలిగేది. ఆ వెలుగులో ఆడవాళ్లు శెనక్కాయలు ఒలుచుకునేవాళ్లు, పిల్లలు చదువుకునేవాళ్లు. ఆదోని యార్డులో వ్యాపారి ఆ పత్తిని పిడికిట్లో పిసికి చూసి, "వెలుగు సరేలేమ్మా, తేమ ఎంతుందో చూడాల" అనేవాడు.

పెద్దకడుబూరు దాటి పోతే గుండ్లదిన్నె. ఎమ్మిగనూరు రోడ్డు నుంచి ఊరికి మట్టిబాటే దిక్కు. బస్సు రాదు. ఊరి పక్కన మాత్రం ఎవరో ఎప్పుడో విమానాల కోసం వేసి వదిలేసిన పొడవాటి సిమెంటు బాట ఉంది. దానిమీద ఊరంతా మిరపకాయలు ఆరబోసుకుంటారు. హులిగెమ్మ చేను ఆ బాటకు రెండు పక్కలా రెండు పట్టీలుగా ఉంటుంది.

కార్తీకంలో ఒక సాయంత్రం, చీకటి పడి ఇళ్లల్లో పొయ్యిలు మండుతుండగా, ఆకాశంలోంచి పెద్ద మోత కిందికి దిగింది. తుంగభద్ర అవతలి విమానాశ్రయానికి పోవాల్సిన విమానం, రెండు బారుల వెలుగు చూసి ఇదే రన్‌వే అనుకొని మిరపకాయల మీద దిగింది. కారం లేచి ఊరు ఊరంతా తుమ్మింది. దిగిన ప్రయాణికులూ కళ్లు తుడుచుకుంటూ తుమ్మినారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

హులిగెమ్మ బిందెతో నీళ్లు పట్టుకొని పరుగెత్తింది. అందరికన్నా చివర దిగిన పైలట్ పేరు జ్యోత్స్న. గ్లాసెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగేసింది.

"అవ్వా, ఇది ఏ ఊరు?"

"గుండ్లదిన్నె. మీరు యాడికి పోవాల పాపా?"

జ్యోత్స్న వెనక్కి తిరిగి, బాటకు రెండు పక్కలా వెలుగుతున్న పత్తిని చూసింది.

కాసేపటికే పోలీసు జీపు దారి చూపిస్తుండగా మట్టిబాట వెంట బస్సులు వచ్చినాయి. వాటి వెనక రెండు అంబులెన్సులు వచ్చి, ఎక్కించుకోవడానికి ఎవరూ లేక ఊరకే నిలబడినాయి. హులిగెమ్మ వాటినే చూస్తూ ఉండిపోయింది. పోయినేడు ఆమె కోడలు రేణుకకు నొప్పులొచ్చినప్పుడు అంబులెన్సుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా, ఫోన్ మ్యాపులో మీ ఊరు కనపడ్డం లేదనే చెప్పినారు. చివరికి ట్రాక్టరులో తీసుకుపోతుంటే బిడ్డ దారిలోనే పుట్టి దారిలోనే పోయింది. ఇప్పుడు రేణుకకు మళ్లీ నెలలు నిండినాయి.

మరుసటి పొద్దున ఎమ్మిగనూరు నుంచి అధికారులు వచ్చినారు. వాళ్లలో పెద్దాయన చేను చుట్టూ తిరిగి, "రాత్రిళ్లు వెలిగే పైరుకు పర్మిషన్ ఎవరిచ్చారు?" అన్నాడు. వెలగడం గురించి ఆయనకు ఆశ్చర్యం లేదు, పర్మిషన్ లేకపోవడమే బాధ. "మొత్తం పీకించేయండి."

జ్యోత్స్న ముందుకొచ్చింది. "సార్, తప్పు చేనుది కాదు. దారి వేరే ఉందని విమానంలో తెరమీద కనబడుతూనే ఉంది. వెలుగు కనిపించగానే నేను ఆ తెరను చూడటం మానేశాను."

"మీ సంగతి తర్వాత, మేడం. ట్రాక్టర్ పిలిపించండి."

హులిగెమ్మ పెద్దాయనకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఏం సారూ, మీ ఇమానం దారి తప్పితే నా పత్తి పీకాల్నా? మా కోడలు ఆ మట్టిబాటలో బిడ్డను పోగొట్టుకున్న రేయి గూడా ఈ చేను ఇట్లనే ఎలుగుతాండె. ఒక్కడు చూసినాడా? అంత పైనుంచి పోయేటోళ్లకు కనపడిన ఊరు, ఎమ్మిగనూరులో ఉండే మీకు కనపడలేదా?"

"చూడమ్మా, రూల్స్..."

"మీ ట్రాక్టరు నా చేలో పెట్టొద్దు. నా చేతుల్తో ఇత్తినా, నా చేతుల్తోనే పీకుతా. పోండి!"

ఖాళీ విమానం పగటిపూటే లేచిపోయింది. హులిగెమ్మ చెట్టు చెట్టూ పీకింది. పీకిన చెట్టు కూడా పొద్దు గూకితే వెలుగుతూనే ఉంది. ఆమె మోపు నెత్తికెత్తుకొని మట్టిబాట పట్టింది. పక్కచేని దేవేంద్రప్ప అడ్డమొచ్చినాడు.

"యాడికక్కా? పొయ్యిలోకా?"

"రోడ్డుకాడికి. బాట పొడుగునా రెండు పక్కలా నాటుతా. ఇమానాలోళ్లకు మన ఎలుగు వద్దంట గదా. కింద పోయేటోళ్లకన్నా కనపడనీ."

దేవేంద్రప్ప ఒక మోపు ఎత్తుకున్నాడు. హులిగెమ్మ కొడుకు శేషన్న గడ్డపార తెచ్చినాడు. తెల్లారేలోగా ఊళ్లోవాళ్లు తలా ఒక చెయ్యి వేసి ఎమ్మిగనూరు రోడ్డు దాకా నాటేసినారు.

ఆ వారంలోనే ఒక మాపటేళ రేణుకకు నొప్పులు మొదలైనాయి. శేషన్న అంబులెన్సుకు ఫోన్ చేసినాడు. డ్రైవర్ పాత మాటే చెప్పబోతుంటే అరిచినాడు. "అన్నా, నీ ఫోన్ చూడొద్దు. రోడ్డుకు ఎడమ పక్క చూడు. ఎలుగుంటాది. దాని ఎంబడే రా!"

అంబులెన్సు ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. డ్రైవర్ దిగి చుట్టూ చూసి హులిగెమ్మను అడిగినాడు.

"ఈ ఊరు ఎప్పుడు పడిందమ్మా ఈడ?"

"మా తాత పుట్టకముందే పడింది. నువ్వే ఇప్పుడొచ్చినావు. మాటలు సాలు, కోడల్ని ఆ పక్క పట్టుకో!"

తెల్లారేలోపు ఎమ్మిగనూరు ఆసుపత్రిలో రేణుకకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి హులిగెమ్మ చేతికిచ్చింది.

"ఏం అరుపులవ్వా ఇవి! వార్డంతా లేచి కూసుంది."

హులిగెమ్మ మనవరాలి మొహం చూసింది. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న కన్నీళ్లు అప్పుడు దిగినాయి గాని, గొంతులో కోపం మాత్రం అట్లనే ఉంది.

"అరవనీ తల్లీ. మా ఊరోళ్లు మెల్లగా ఏడిస్తే ఎవురికీ ఇనపడదు."