చప్పుడు లేని పడవ

జలాశయం మీద యాత్రికుల పడవ నడిపే మనిషిని అందరూ సరంగు అనే పిలుస్తారు. అసలు పేరు టికెట్ల గదిలో కూర్చునే భార్యకు తప్ప ఇంకెవరికైనా గుర్తుందో లేదో. ముప్పై ఏళ్లుగా ఒకటే డీజిల్ ఇంజను, ఒకటే దారి. రేవులో బయలుదేరి, రెండు కొండల మధ్య ఇరుకు దాటి, నిటారుగా లేచిన ఎర్రరాతి కొండగోడ ముందు ఓ చుట్టు తిరిగి వెనక్కి రావడం. దారి పొడవునా కబుర్లు చెప్పడమూ ఆయన పనే. ఇంజను మోతను మించి అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరకు వినిపించేది.

అంతటి గొంతూ ఒకరోజు మూగబోయింది. నీటి మీద తేలే సోలార్ పలకలు వేస్తామంటూ రేవులో ఒక పటం అంటించారు. అందులో నీలం గళ్లు సరిగ్గా ఎర్రగోడ ముందే ఉన్నాయి. ఇక జనం చూడటానికి మిగిలేదేమిటి? ఆ పూట సరంగుకు అన్నం సహించలేదు. మంచం మీద కూర్చుని నిట్టూరిస్తే పటం మారదనీ, వెళ్లి మాట్లాడి రమ్మనీ భార్య తరిమింది.

ప్రాజెక్టు ఆఫీసు ఒక రేకుల షెడ్డు. బల్ల మీద హెల్మెట్, చల్లారిన టీ, మట్టి నమూనాల సీసాలు. కడిగిపారెయ్యాలని వెళ్లిన సరంగు, ఎదురుగా తన కూతురు వయసు ఇంజనీరమ్మను చూసి నీళ్లు నమిలాడు. ఆమే కుర్చీ చూపించి, చెప్పమంది. అంతా విని పటం ముందు నిలబడి చాలాసేపు వెతికింది.

"మీ పడవ దారి ఇందులో ఎక్కడా లేదండీ," అంది చివరికి. తప్పు తనదే అన్నట్టుంది గొంతు.

"నీళ్ల మీద దారికి గీతలుండవు కదమ్మా. రేపు పడవెక్కండి, చూపిస్తాను."

మర్నాడు ఎర్రగోడ చూసి ఇంజనీరమ్మ మెచ్చుకుంది గానీ, అందంగా ఉందని రాస్తే పైవాళ్లు పటం మార్చరనీ, ఇంకేదైనా కారణం కావాలనీ ఉన్నమాట చెప్పేసింది. సరంగు తల గోక్కున్నాడు. కారణమంటే గొప్పదేదో ఉండాలనుకుని, తనకు తెలిసింది చెప్పడానికే మొహమాటపడ్డాడు.

"ఇక్కడ లంగరు పట్టదమ్మా. అడుగంతా నున్నటి బండ. నావి రెండు పోయాయి. పైగా మధ్యాహ్నం రెండు దాటితే ఇరుకులోంచి గాలి తోసుకొస్తుంది."

ఆమె రాసుకోవడం ఆపి తలెత్తింది. "ఈ మాట మాకెవరూ చెప్పలేదే."

"ఎవరూ అడగలేదు."

ఇద్దరూ రెండింటిదాకా అక్కడే ఉన్నారు. గాలి రానే వచ్చింది. ఆమె టోపీని ఎత్తుకుపోయి, చేతిలో కాగితాలు తడిపి, పడవను అటూ ఇటూ ఊపి వదిలింది. తాళ్లతో కట్టిన పలకలు ఇక్కడ ఏడాది నిలవవని ఆమెకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. తిరుగుదారిలో సరంగు పడమటి మడుగు చూపించాడు. గాలి తగలదు, అడుగంతా బురద, చూడటానికి ఏమీ లేదు. అటువైపు వెళితే యాత్రికులు కునుకు తీస్తారని, ఒక్కోసారి తనకూ నిద్రొస్తుందని ఒప్పుకున్నాడు.

వారం రోజులు కొలతలు తీశారు. మూడు నెలలకు కొత్త పటం వచ్చింది. పలకలు పడమటి మడుగులోకి జరిగాయి. వాటి పక్కనుంచి, ఎర్రగోడ దాకా, చుక్కల గీతతో పడవ దారి.

పలకలు తేలాక ఇంజనీరమ్మ మరో మాట తెచ్చింది. రేవులో బ్యాటరీలు ఛార్జి చేసుకునే ఏర్పాటు ఉంది కదా, పడవకు కరెంటు మోటారు పెట్టి చూద్దామని. సరంగు ససేమిరా అన్నాడు. చేత్తో పెంచిన ఇంజనది. కానీ భార్య ఊరుకోలేదు.

"మీ ఇంజనూ మీరూ ఒకేలా దగ్గుతున్నారు. ఒకరినైనా మార్చాలి. మిమ్మల్ని మార్చడం నావల్ల కాలేదు."

మొదటి రోజు మీట నొక్కి, ఇంకా కదల్లేదనుకుని రెండోసారి నొక్కబోయాడు. పడవ అప్పటికే రేవు వదిలేసింది. ఆయన మామూలుగానే అరుస్తూ కబుర్లు మొదలుపెట్టేసరికి ముందు వరసలో ముసలమ్మ చెవులు మూసుకుంది.

"ఈ రేవులోనే ఒకమ్మాయి కాలుజారి పడితే నేను దూకి కాపాడాను. ఆమే మా ఆవిడ."

ముప్పై ఏళ్లుగా రోజుకు ఆరుసార్లు చెప్పిన ముచ్చట. ఒడ్డు ఇంకా దగ్గర్లోనే ఉంది, ఇంజను మోత లేక మాట అక్కడిదాకా చేరింది. టికెట్ల గది లౌడ్‌స్పీకరులోంచి భార్య గొంతు గరగరలాడింది.

"పడింది ఎవరు? దూకింది ఎవరు?"

అందరూ ఆయన వైపు తిరిగారు. సరంగు చెవులు ఎర్రబడ్డాయి.

"పడింది నేనే," అన్నాడు, ఈసారి మెల్లగా. "అప్పటికి నాకు ఈత రాదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని తిరగేసి చెప్పాను. ఆవిడే జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగింది."

నవ్వులతో పడవ ఊగింది. తర్వాత ఏమైంది, ఈత ఎవరు నేర్పారు, అని జనం తవ్వి తవ్వి అడిగారు. ఒడ్డుకు చేరగానే సగం మంది ఆమెను చూడ్డానికి టికెట్ల కిటికీ దగ్గర మూగారు.

అప్పటినుంచి యాత్రికులు పలకల దగ్గరా ఆపమంటున్నారు. వాటి అంచుల మీద నీటికాకులు బారులు తీరి రెక్కలు ఆరబెట్టుకుంటాయి. కుదిరినప్పుడల్లా ఇంజనీరమ్మ వచ్చి, ఊళ్లో ఏ వీధి దీపాలు వీటితో వెలుగుతున్నాయో చెబుతుంది.

ఒకరోజు భార్య టికెట్ల గదిలో చెల్లెల్ని కూర్చోబెట్టి పడవెక్కింది. డీజిల్ వాసనకు తల తిప్పుతుందని ఏళ్లుగా ఎక్కనే లేదు. ఇరుకు దాటి ఎర్రగోడ ఎదురయ్యాక మెడ ఎత్తి అంచుదాకా చూసింది. తర్వాత లేచి వచ్చి చుక్కాని దగ్గర నిలబడింది.

"ఒకసారి ఇటివ్వండి."

సరంగు ఇచ్చాడు. ముందు ఎటు తిప్పితే ఎటు పోతుందో చూపించి, మూడుసార్లు సరిదిద్ది, నాలుగోసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పడవ కొంచెం వంకరగా పోయి దారిలో పడింది. ఆయన వెళ్లి యాత్రికుల పక్కన ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుని, కాళ్లు చాపుకుని, మొట్టమొదటిసారి అటూ ఇటూ చూస్తూ ప్రయాణం చేశాడు.