పై రేవుకు తిరిగిన నీడ

పొద్దున ఆరు. ఆకాశం కడిగినట్టుంది. వాన కొండల మీద కురుస్తోంది, ఇక్కడ కాదు.

ఆగస్టా కాఫీ పొయ్యి మీద పెట్టి కిటికీలోంచి చూసింది. నాన్న నీడ అప్పటికే గుర్రమెక్కి దొడ్డి గోడ మీద సిద్ధంగా ఉంది. నాన్న ఇంకా లోపల కుడికాలి బూటుతో కుస్తీ పడుతున్నాడు.

నాన్న ఓరిన్ పెటిగ్రూకు డెబ్బై దాటాయి. ఆయన నీడకు ముప్ఫై దాటలేదు. వెన్ను నిటారుగా, టోపీ కాస్త వెనక్కి, ఎప్పుడూ ఆయనకంటే నాలుగు బారలు ముందు. వయోమింగ్‌లో ఆ ఏటి వారన ఎవరికీ ఇది వింత కాదు. ఒకరికి కాలు కుంటి, ఒకరికి నీడ ముందు. మందకూ అలవాటే. ముసలాయన గొంతు చించుకున్నా పశువులు చెవి కదపవు. నీడ కదిలితే కదులుతాయి.

"పెద్దాయన నిద్ర లేవకముందే పెద్దాయన పనిలోకి దిగాడు," అంటూ స్లోకమ్ లోపలికొచ్చాడు. పెటిగ్రూ పశువుల దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు. ఆయన అరుపులకు భయపడకపోవడం ఒక్కటే అతని గొప్ప.

ఆగస్టా కొడుకులిద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్దవాడు క్లెమ్‌కు ఇరవై. చిన్నవాడు ఆర్డెన్‌కు మీసం వస్తోంది, రాలేదు. ఇవాళ ఏటి అవతలి మేత నుంచి మందను ఇంటికి దాటించాలి.

"కొండల మీద వాన నాన్నా," అంది ఆగస్టా. "సాయంత్రానికి కింది రేవు పొంగుతుంది. వచ్చేటప్పుడు పై రేవున దాటించు."

"పై రేవా? అది గొర్రెలోడి రేవు."

"అడుగున రాతి నేల. నీళ్ళు మోకాలు దాటవు."

"గొర్రె తొక్కిన నీళ్ళలో పెటిగ్రూ పశువు గిట్ట పెట్టదు. ఇప్పటిదాకా పెట్టలేదు."

తన పేడ కలిసిన మడుగులోనే నీళ్ళు తాగే పశువుకు గొర్రె వాసన పట్టింపట. ఆ ఏటి వారన పశువులున్న మగవాళ్ళందరూ దీన్ని సువార్తలా నమ్మేవారు. అసలు సువార్త మీద అంత నమ్మకం ఉన్నట్టు కనిపించేది కాదు.

"ఆ రేవు కనిపెట్టింది నువ్వే. అమ్మ చెప్పేది."

"అప్పుడు గొర్రెలు లేవు."

"పోనీ పిల్లల్ని వదిలి వెళ్ళు. వీళ్ళ నాన్న కింది రేవులోనే పోయాడు."

ముసలాయన పంది మాంసం ముక్కను కత్తితో గుచ్చాడు. "ఈత రానివాడికి పిల్లనిచ్చాను. నా జన్మలో చేసిన తప్పు అదొక్కటే."

ఆగస్టా కాఫీ గిన్నెను బల్ల మీద ఠక్కున పెట్టింది.

"పోనీలేమ్మా," అన్నాడు క్లెమ్. "తాత ఎలా అంటే అలా."

"నిన్ను కన్నది తాత కాదు," అంది ఆగస్టా. ఇంకేం అన్నా దండగ.

వాళ్ళు కింది రేవునే దాటి వెళ్ళారు. అప్పటికి నీళ్ళు రికాబుల దాకానే ఉన్నాయి.

మధ్యాహ్నం తిరిగేసరికి ఏరు రంగు మారింది. గొర్రెల కాపరి ఇన్యాసియో పెరటి వైపు వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతని గొర్రె కంపుకు ఆగస్టా ముక్కు చిట్లించింది. ఎంతైనా పెటిగ్రూ కూతురే.

"అమ్మగారూ, కింది రేవులో వేళ్ళతో సహా చెట్టు కొట్టుకుపోతోంది. పైన నా గొర్రెలు ఇప్పుడే దాటాయి. పొట్టలు తడిశాయి, అంతే."

"ఆయనకు చెప్పలేకపోయావా?"

"అవతలి గట్టున కలిసి చెప్పానమ్మా."

"తుపాకీ తీశాడా?"

"లేదమ్మా. నా మాట వినపడకుండా పాట ఎత్తుకున్నాడు."

ఆగస్టా చేతి పిండి కడుక్కోకుండానే ఏటికి పరిగెత్తింది. ఇన్యాసియో కర్ర పట్టుకుని వెనకాలే వచ్చాడు.

అవతల మంద గట్టు దిగుతోంది. ముందు ముసలాయన. ఆయన పక్కన ఆర్డెన్. మందకు ఆ కొసన క్లెమ్, ఈ కొసన స్లోకమ్. మెడలో గంటతో జడ్జి అనే ఎద్దు అన్నిటికన్నా ముందుంది. అది ఎటు నడిస్తే మంద అటు నడుస్తుంది. మధ్యలో ఏరు దుంగల్ని మోసుకుంటూ పోతోంది.

"ఆగండి!" అని అరిచింది ఆగస్టా. దుంగలు విన్నాయేమో. అవతల ఎవరూ వినలేదు.

ముసలాయన గుర్రాన్ని నీళ్ళలోకి అదిలించాడు. గుర్రం రెండు కాళ్ళు పెట్టి ఆగిపోయింది. ఆయన కంటే దానికి బుద్ధి ఎక్కువ. ఆయన దాన్ని టోపీతో కొట్టాడు.

నీడ ఎప్పట్లాగే ముందు ఉంది. నీటి అంచు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. తల తిప్పి ఎగువకు చూసింది. తర్వాత గుర్రాన్ని మళ్ళించుకుని గట్టు వెంబడి పై రేవు వైపు బయల్దేరింది. తొందరేమీ పడలేదు. తెలిసిన దారిలో పోతున్నట్టు పోయింది.

తెలిసిన దారే. ఆ నీడ వయసులో ఉన్నప్పుడే ఓరిన్ పెటిగ్రూ ఆ రేవు కనిపెట్టాడు. అప్పటికి ఈ లోయలో గొర్రె లేదు. గొర్రెలోడి మీద కసి లేదు. ఆ తర్వాత ఆయనకు పెరిగిన పొగరేదీ నీడకు అంటలేదు.

జడ్జి ముసలాయన్ని చూసింది. నీడను చూసింది. గంట మోగించుకుంటూ నీడ వెనక నడిచింది. మంద మొత్తం అటు తిరిగింది.

"ఆపండ్రా వెధవల్లారా! అది గొర్రెల రేవు!"

"నన్నేం చెయ్యమంటావు పెద్దాయనా?" స్లోకమ్ అరిచాడు. "అటు పోతోంది నువ్వే కదా!"

క్లెమ్ మంద వెంట వెళ్ళాడు. ఆర్డెన్ వెళ్ళలేదు.

"నువ్వొక్కడివే మగాడివిరా," అన్నాడు ముసలాయన. "పద."

ఆర్డెన్ గుర్రం నీళ్ళలో కాలు పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. ఇవతలి నుంచి ఆగస్టా చూస్తోంది. వాడి తండ్రి కూడా అక్కడి నుంచే దిగాడు. అదే రాయి పక్క నుంచి.

ఎగువన నీడ ఆగింది. వెనక్కి తిరిగి, టోపీ తీసి, ఒక్కసారి ఊపింది. పెటిగ్రూ మనుషులకు ఆ సైగ తెలుసు. రమ్మని. పుట్టినప్పటి నుంచీ ఆర్డెన్ ఆ సైగకు ఎదురు చెప్పి ఎరగడు. పక్కనున్న తాత కేసి చూశాడు, దూరాన ఉన్న తాత కేసి చూశాడు. కళ్ళెం తిప్పాడు.

"ఏ తాత మాట వినాలో తెలియలేదమ్మా," అన్నాడు తర్వాత. "గుర్రం మీద సరిగ్గా కూర్చున్నవాడి మాట విన్నాను."

ముసలాయన ఒంటరిగా ఏట్లోకి దిగాడు. వెంట వచ్చేవాళ్ళు లేకపోయినా పంతం పంతమే. నడి ఏట్లో దుంగ తగిలింది. గుర్రం ఈదుకుని తన దారిన ఒడ్డెక్కింది. ఆయన్ని నీళ్ళు ఈవలి వంపు దాకా దొర్లించుకొచ్చాయి. ఇన్యాసియో నడుము దాకా దిగి, గొర్రెల్ని కాలు పట్టి లాగే కొంకి కర్రను ఆయన కాలరుకు తగిలించి, గొర్రెను లాగినట్టే లాగాడు. మీద గొర్రెతోలు కప్పాడు.

"తియ్యి," అన్నాడు ముసలాయన, పళ్ళు టకటకలాడుతుంటే. తీయబోతే రెండు చేతులా పట్టుకున్నాడు.

మంద పై రేవున దాటింది. పొట్టలు తడిశాయి, అంతే.

పొద్దు వాలింది. ముసలాయన అరుగు మీద తోలు కప్పుకుని కాఫీ తాగుతున్నాడు. ఎండ ఏటవాలుగా ఆయన మీద పడి, వెనక గోడ మీద కూడా పడుతోంది. మధ్యలో మనిషి అడ్డం లేనట్టే. ఆయనకు నీడ లేదు.

స్లోకమ్ టోపీ తీసి వాకిట్లో నిలబడ్డాడు. "రేపు దూడలకు వాతలు వెయ్యాలా?"

ముసలాయన నోరు తెరిచాడు. స్లోకమ్ అటు చూడలేదు. ఆగస్టా కాళ్ళ ముందు నేల చూస్తున్నాడు. అక్కడ ఆమె నీడ పొడుగ్గా పడి ఉంది. ఆమె తల మీద రుమాలే ఉంది. నీడకు టోపీ ఉంది, కాస్త వెనక్కి. కింద గుర్రం ఉంది.

ఆగస్టా కూడా చూసింది. రుమాలు సర్దుకుంది.

"రేపొద్దు. పశువులు అలిసిపోయాయి. ఎల్లుండి."

"సరేనమ్మా."

"ఇక నుంచి పై రేవే."

"సరేనమ్మా."

ముసలాయన నోరు మూసుకుని కాఫీ తాగాడు.

ఆగస్టా గడప దగ్గర నిలబడింది. గుంజను పట్టుకుంది. లెక్క పెట్టుకుంది. క్లెమ్. ఆర్డెన్. స్లోకమ్. దొడ్డిలో జడ్జి గంట. నాన్న, గొర్రె కంపు కొడుతూ. అందరూ వచ్చారు.

మళ్ళీ మొదలుపెట్టింది. క్లెమ్. ఆర్డెన్.