ఎడమవైపు ముందు చక్రం

మా ఆయన మాల్యాద్రి నీళ్ళ రంగు చూసి చేపలు ఎటు పోతున్నాయో చెప్పేస్తాడు. అదే మనిషికి సొంత కారు ముందు చక్రం వారం రోజులుగా కీచుమంటుంటే వినపడదు. "పాత బండి కదా, అట్నే ఉంటాది" అంటాడు. వీధిలో కుక్కలన్నీ లేచి మొరిగినా ఆయనకు వినపడదు.

మూడు నెలల కిందట నెల్లూరులో ఆయన గుండెకు స్టెంటు వేశారు. ఇక వల తాడు పట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా దగ్గర అలివి వల అంటే పదిమంది సముద్రం ఒడ్డున నిలబడి, కాళ్ళు ఇసుకలో దిగబడేలా తాడు లాగాలి. ఇక ఒడ్డు మొహం చూడనని ఆస్పత్రి మంచం మీద నా చేతిలో చెయ్యి వేశాడు. నేను నమ్మాను. పడవలో తన వాటా వదులుకుని ఈ కారు తెచ్చుకున్నాడు. రోజూ తెల్లవారుజామున బోగోలు సెంటర్లో టీ తాగొస్తానని పోయేవాడు. తిరిగొచ్చి మంచినీళ్ళతో కారును పైనుంచి కిందిదాకా కడిగేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను ఇంత శ్రద్ధగా చూసుకోలేదే అని నేను కుళ్ళుకున్నాను కూడా.

చివరికి ఆ కీచు భరించలేక, ఆయన్ని వెంటబెట్టుకుని కావలిలో మెకానిక్ జడ్సన్ షెడ్డుకు వెళ్ళాను. జడ్సన్ ఆయన పక్కన కూర్చుని షెడ్డు ముందే నాలుగు చుట్లు తిప్పించాడు.

"బ్రేకు తొక్కన్నా."

తొక్కినా కీచు మారలేదు. స్టీరింగు అటు తిప్పినా ఇటు తిప్పినా అంతే.

"ప్యాడ్లు కాదు, బేరింగూ కాదు. లోపల ఏందో ఇరుక్కోనుంది" అన్నాడు జడ్సన్.

"పన్లేదులే, ఇంకో రోజు విప్పుదాం" అని మా ఆయన తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

"ఈరోజు నీకేం రాచకార్యాలున్నాయయ్యా? కూర్చో" అన్నాను.

జాకీతో కారు ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పితే చుట్టుకొకసారి కీచుమంది. జడ్సన్ చక్రం ఊడదీసి, బ్రేకు డిస్కుకూ దాని వెనక ఉన్న రేకుకూ మధ్య స్క్రూడ్రైవరు పెట్టి కెలికాడు. ఇంత తడి ఇసుకా, ఒక ఆలిచిప్ప ముక్కా రాలాయి. దగ్గర్లో ఉన్నది నేనే కాబట్టి ఆ చిప్పను నా చేతిలో పెట్టాడు. మా వీధి సిమెంటు రోడ్డు, సెంటరుకు పోయేది తారు రోడ్డు.

"టీ కొట్టు కాడ ఆలిచిప్పలు కూడా ఇస్తున్నారా?" అని అడిగాను.

జడ్సన్ కిందపడని నట్టు కోసం కారు కింద వెతకడం మొదలుపెట్టాడు.

"ఊరికే చూసొచ్చేదానికి పోయినా" అన్నాడు మా ఆయన.

"చేతులు చూపించు."

అరచేతుల్లో తాడు ఒరుసుకున్న గీతలు ఎర్రగా ఉన్నాయి.

"రెండు మార్లే లాగినా. మనుషులు తక్కువైనారు మే."

కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. ఈ వారం రోజులూ ఆ కీచుకే నాకు మెలకువ వచ్చేది. టీకి పోతున్నాడులే అని మళ్ళీ కళ్ళు మూసుకునేదాన్ని. నేను అటు తిరిగి పడుకుంటే, ఈయన వెళ్ళి తాడు లాగుతున్నాడు.

జడ్సన్ చక్రం బిగించి తిప్పాడు. ఏ శబ్దమూ లేదు.

"ఇంక చప్పుడు రాదు వదినా."

"ఈ చిప్ప మళ్ళీ అక్కడే పెట్టు జడ్సనూ."

"డిస్కు గీసుకుపోతాది వదినా."

"డిస్కు పోతే ఇంకోటి తెస్తావు. ఈయన పోతే నేను యాడ తెచ్చుకునేది? చప్పుడుంటే బయల్దేరినాడని అన్నా తెలుస్తాది."

చిప్ప ఇవ్వబోతున్న నా చెయ్యి మా ఆయన పట్టుకున్నాడు.

"అది పెట్టొద్దులే. రేపట్నించి నువ్వూ రా. నేను తాడు ముట్టుకుంటే అక్కడే అందరి ముందరా తిట్టు" అన్నాడు.

"దానికి ఒడ్డు దాకా ఎందుకు, ఇక్కడే మొదలుపెడతా" అన్నాను.

తిరుగు దారిలో నేను బోగోలు దాకా తిడుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు. కారు మాత్రం చప్పుడు చెయ్యలేదు. చిప్పను కొంగున ముడేసుకున్నాను. తెల్లారి ఆయనకంటే ముందే లేచి కార్లో కూర్చున్నాను.