తుమ్ముకి ముందు

పట్టాభిరామయ్య గారికి ఆ లోకం మధ్యాహ్నం పూట తెరుచుకునేది. భోజనం అయ్యి, రమామణి లోపల నడుం వాల్చాక, ఆయన బాల్కనీలో పేము కుర్చీ లాక్కుని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకునేవారు. ఎదురుగా ఫిల్మ్ నగర్ కొండరాళ్లు, ఎవరో తోమి బోర్లించిన గుండిగల్లా ఎండలో మెరిసేవి. కింద రోడ్డు మీద స్టూడియో వ్యాన్లూ ఆటోలూ పోతున్నా ఆ చప్పుడు ఆయనకి వినిపించేది కాదు. ఆయన చెవుల్లో ఎవరో అమ్మాయి, ఏ దేశపు పిల్లో ఏమో, ఊపిరి లోపలికి తీసుకునేది. ఇంకా తీసుకునేది. ఇంకా. అక్కడ లోకమంతా ఆగేది. అప్పుడు తుమ్మేది.

చెప్పొద్దూ, ఆయనకి కావలసింది తుమ్ము కూడా కాదు, దానికి ముందు క్షణం. ఎంత గొప్ప అందగత్తె అయినా, ఎంత పొగరుబోతు అయినా, ఆ క్షణంలో తన మొహం తన చేతిలో ఉండదు కదా. కళ్లు సగం మూతపడతాయి, పెదాలు విడతాయి, కట్టుకున్న చీరా పెట్టుకున్న నగా అన్నీ మరిచిపోయి మనిషి గాల్లో వేలాడినట్టు ఉంటుంది. కొందరు మగవాళ్లకి జడ చూస్తే మనసు లాగుతుంది, కొందరికి కాలిపట్టీల చప్పుడు వింటే లాగుతుంది. ఈయనకి ఇది. ఒంట్లో సన్నగా జ్వరం కాసినట్టు ఉండేది. ఎవరికీ చెప్పుకునేది కాదు, ఎవరికీ అపకారమూ కాదు.

అది ఎప్పుడు పట్టుకుందో ఆయనకి బాగా గుర్తు. ఇరవై అయిదు దాటిన వయసు, మద్రాసులో రికార్డింగ్ థియేటరు, ఈయన సౌండ్ అసిస్టెంటు. డబ్బింగ్ చెప్పే ఒకావిడ హీరోయిన్ తుమ్ము తుమ్మాలి. ఉత్తినే తుమ్మడం రాక, పాపం, పమిట కొంగు కొసని మెలితిప్పి ముక్కులో పెట్టుకుంది. అద్దానికి ఇవతల ఈయన చేయి మీట మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు, తుమ్ము వచ్చి వెళ్లిపోయినా మీట నొక్కలేదు. ఇంజనీరు గారు తిట్టిన తిట్లు ఒక్కటీ చెవిన పడలేదు.

ఆ తర్వాత పెళ్లయింది. రమామణిది తెనాలి దగ్గర పల్లెటూరు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఈయన పాట రికార్డింగుకి బయల్దేరుతుంటే, గుమ్మంలో నిలబడిన రమామణికి తుమ్ము వచ్చింది. ఈయన తిరిగి చూశారు. ఆ మొహం చూడగానే బల్ల మీద కూలబడ్డారు. రమామణి హడలిపోయి మంచినీళ్లు తెచ్చి ఇస్తే, తాగారు గానీ ఆవిడ కళ్లలోకి చూడలేకపోయారు. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత ఇన్నేళ్ల కాపురంలో రమామణి తుమ్మగా ఆయన మళ్లీ వినలేదు. కొందరికి తుమ్ములు రావేమోలే అనుకుని, తన అదృష్టం అంతే అని ఊరుకున్నారు.

సినిమా పరిశ్రమ హైదరాబాదు వచ్చింది, దానితో వీళ్లూ వచ్చారు. ఆ రోజుల్లో యూసుఫ్‌గూడలో ఒక వీడియో క్యాసెట్ల కొట్టు ఉండేది. ఒక పాత సినిమాలో హీరోయిన్ మిరియాల కొట్టులో దాక్కుని తుమ్మే సన్నివేశం ఉందని ఈయన ఆ క్యాసెట్టు అద్దెకి తెచ్చేవారు. మొదటిసారి తెచ్చినప్పుడే ఒక వింత జరిగింది. సినిమా అంతా శుభ్రంగా ఉంది, సరిగ్గా ఆ తుమ్ము దగ్గరికి వచ్చేసరికి తెర మీద తెల్ల గీతలు. ఒకే చోట వెనక్కి తిప్పీ తిప్పీ చూస్తే టేపు అలా అరిగిపోతుంది. ఆ గీతలు తనవి కావు. అంటే ఈ ఊళ్లో ఇంకొకడు ఉన్నాడు!

పట్టాభిరామయ్య గారి గుండె ఎలా కొట్టుకుందని! అప్పటిదాకా ఈ భూప్రపంచంలో తానొక్కడే అనుకున్నారు మరి. కొట్టువాణ్ణి అటూ ఇటూ అడిగి ఆ మనిషిని పట్టుకున్నారు. అచ్యుతరామయ్య గారని బ్యాంకు ఆఫీసరు, పిల్లల తండ్రి, నుదుట నిలువు బొట్టు. ఇద్దరూ ఇరానీ హోటల్లో కూర్చున్నారు.

"ఆ క్యాసెట్టు కొంచెం అరిగిందండీ," అన్నారు పట్టాభిరామయ్య గారు.

అచ్యుతరామయ్య గారు సాసరు బల్ల మీద పెట్టేశారు. "ఎక్కడ అరిగిందంటారు?"

"మిరియాల కొట్టు దగ్గర."

చాయ్ చల్లారిపోయింది. చివరికి అచ్యుతరామయ్య గారు తల దించుకుని, "మరీ పాడైపోయిందాండీ? ఇంకో సినిమాలో కూడా ఒకటి ఉంది, పొడుం డబ్బీ సీను. చూశారా?" అన్నారు. అంతే. తుమ్ము అన్న మాట వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి నోటితో అనలేదు. 'సీను' అనేవారు. ఒక్క సీను దొరకడానికి నెలలు పట్టేది, దొరికితే పండగే. చూడడం కన్నా ఎదురు చూడడమే ఎక్కువగా ఉండేది. ఆ ఎదురు చూడడంలోనూ ఊపిరి లోపలికి పీల్చి పట్టినట్టే ఉండేది.

తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. అచ్యుతరామయ్య గారే ఈయన్ని అమీర్‌పేటలో ఒక చెక్క గదిలోకి తీసుకెళ్లి, ఒక్కో అక్షరం వెతుక్కుని ఆ మాట ఇంగ్లీషులో కొట్టారు. తెర తెల్లగా ఉండి, ఉండి, మెల్లగా పైనుంచి కిందికి నిండింది. పేర్లు, ఊళ్లు, దేశాలు. వేల మంది. ఏ మంచు దేశంలోనో ఎవరో పోస్టుమాను రాశాడట, 'నేనొక్కడినే అనుకున్నాను' అని. కింద వందమంది అదే మాట. అచ్యుతరామయ్య గారు కండువాతో కళ్లు తుడుచుకుని, "చూశారా, మనకి ఎంత బలగం ఉందో," అన్నారు.

అచ్యుతరామయ్య గారు పోయి చాలా కాలమైంది. ఫోన్లు వచ్చాక తెలుగు వాళ్లదే ఒక గ్రూపు తయారైంది. పెద్దవాడని ఈయన్నే దానికి పెద్దగా పెట్టారు. అందులో ప్రణవి అని ఒక అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి రోజే, "నాకూ ఇదే ఇష్టం బాబాయ్ గారూ, మా ఆయనకి పెళ్లిచూపుల్లోనే చెప్పేశాను," అంది. పట్టాభిరామయ్య గారికి ఆ మాట కలలో విన్నట్టుంది. పెళ్లిచూపుల్లోనా!

"ఏమన్నాడమ్మా?"

"జలుబు మాత్ర వేసుకోవడం మానేస్తానన్నాడు."

మంచికాలం అక్కడితో అయిపోయిందనుకోవాలి. ఎదురు చూసే పని పోయింది. పొద్దున లేచేసరికి గుట్టలు గుట్టలుగా వీడియోలు. డబ్బిస్తే కావలసిన చీర కట్టుకుని కావలసిన పేరు పిలిచి తుమ్మే వాళ్లు వచ్చారు. ఆ తర్వాత మనుషులే అక్కర్లేని తుమ్ములు, మెషీను తయారు చేసినవి, వచ్చాయి. మొహాలు చంద్రబింబాల్లా ఉండేవి, కానీ ఊపిరి ఉండేది కాదు. గభాలున తుమ్మేసేవి. ముందు క్షణం లేని తుమ్ములు అవి. ఈయన వాటిని చూసి, పెళ్లి భోజనానికి వెళితే ఖాళీ విస్తరి వేసినట్టు దిగులుపడేవారు.

దిగులుతో పోతే సరిపోయేది. చింటు అని పేరు పెట్టుకున్న ఒకడు షేక్‌పేట బస్టాపులో దుమ్ముకి తుమ్ముతున్న ఒక అమ్మాయిని, ఆ పిల్లకి తెలియకుండా ఫోనులో తీసి గ్రూపులో పెట్టాడు. పట్టాభిరామయ్య గారు ఎన్నడూ లేనిది మండిపడ్డారు.

"ఆ పిల్ల నిన్ను తీసుకోమందా?" అని అడిగారు.

"రోడ్డు మీద తుమ్మితే అందరిదీ అంకుల్. లైట్ తీసుకోండి."

"మనం తప్పు చేస్తున్నట్టు బతికాం గానీ, ఎన్నడూ తప్పు చేయలేదురా అబ్బాయ్. బయటికి నడు," అని వాణ్ణి గ్రూపులోంచి తీసేశారు.

వాడు ఊరుకుంటాడా? నెలకోసారి గ్రూపు వాళ్లంతా వీడియోలో మొహాలు చూసుకుని మాట్లాడుకునేవారు. వాడు ఇంకా గ్రూపులో ఉండగా ఒకసారి ఈయన అరిగిన క్యాసెట్టు కథ చెప్పారు, కళ్లు మూసుకుని, మిరియాల కొట్టు దగ్గర గొంతు తగ్గించి మరీ. వాడు దాన్ని దాచుకున్నాడు. ఆ ముక్క కత్తిరించి, వెనకాల వెకిలి సంగీతం పెట్టి, 'ఫిల్మ్ నగర్ తుమ్ముల తాత' అని లోకం మీదికి వదిలాడు.

ఆ సంగతి ఈయనకి చెప్పింది అపార్టుమెంటు వాచ్‌మన్ పోచయ్య. పొద్దున్నే పాల ప్యాకెట్టుకి కిందికి దిగితే పిలిచాడు.

"సారూ, జర గీడికి రాండ్రి. గీ వీడియోల ముసలాయన అచ్చం మీ లెక్కనే ఉన్నడు."

పట్టాభిరామయ్య గారు చూశారు. తన నోరే, తన చేతులే. కాళ్ల కింద మెట్లు మెత్తగా, మబ్బు మీద నిలబడ్డట్టు అయ్యాయి. "నేనే పోచయ్యా," అన్నారు.

"అరె! మీరేనా?" పోచయ్య ఆయన వంక ఎగాదిగా చూసి, ఫోను జేబులో పెట్టేశాడు. "ఏమైతది సారు, ఫికర్ జేయకుండ్రి. నాకు పెట్రోల్ వాసనంటే పానం. బంకు కాడ ఊకెనే నిలవడ్త. ఎవరికి జెప్పిన?" అని, కొంచెం ఆగి, "మరి అమ్మ జూసిందా?" అని అడిగాడు.

అదీ అసలు సంగతి. లోకం నవ్వితే నవ్వనీ. రమామణి రోజంతా ఫోను చూస్తుంది. దేవుడి పాటలూ, చెల్లెలు పుష్పవల్లి పంపే వంటలూ. ఇవాళ కాకపోతే రేపు ఆ వెకిలి సంగీతంతో సహా ఇది ఆవిడ చేతిలో పడుతుంది. నలభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి గురించి ఆ దిక్కుమాలిన కుర్రాడు చెప్పగా తెలుసుకుంటుందా? తన నోటితో తను చెప్పాలి, అదీ ఫోను కన్నా ముందు చెప్పాలి.

పైకి వచ్చారు. రమామణి ముందుగదిలో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కిటికీలోంచి పడే ఎండలో సన్నటి దుమ్ము బంగారపు పొడిలా తేలుతోంది. ఆయన ఎదురుగా కూర్చుని, తను కూడా ఒక కాయ తీసుకుని, దాని వంకే చూస్తూ మొదలుపెట్టారు. మద్రాసు, పమిట కొంగు, తెల్ల గీతలు, అచ్యుతరామయ్య గారు, చెక్క గది, వేల మంది, పెళ్లిచూపుల్లోనే చెప్పేసిన ప్రణవి. మాటలు తనవి కానట్టు, ఎక్కడో దూరంగా ఎవరో రేడియోలో చదువుతున్నట్టు వినిపించాయి ఆయనకే. చింటు చేసిన పని కూడా చెప్పారు. అప్పుడు చేతిలో కాయ చూసుకుంటే పొడి పొడి అయిపోయి ఉంది.

రమామణి ఈనె తీయడం ఆపింది.

"అయితే," అంది చివరికి, "ఆ వేళ గుమ్మంలో నేను తుమ్మితే మీరు కూలబడ్డారే. అది అపశకునం అని కాదా?"

"శకునమా? కాదే. నీ మొహం చూసి."

"నా మొహం చూసి!" రమామణి చేతిలో కాయ పళ్లెంలో విసిరికొట్టింది. "నేను తుమ్మానని రికార్డింగు పాడవుతుందని బెంగపడ్డారనుకున్నానండీ! ఆ రోజు నుంచీ తుమ్ము వస్తే ముక్కు బిగబట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. ఈ ఫ్లాటుకి వచ్చాక బాత్రూములో పంపు తిప్పి తుమ్మాను. చెవులు దిబ్బళ్లు పడిపోయి డాక్టరు చుట్టూ తిరిగాను. మీరు ఇంట్లో ఉంటే మూకుట్లో ఎండుమిరపకాయ వేయలేదు!"

"అందుకేనా నీ పప్పు అంత చప్పగా..."

"నోరు మూసుకోండి."

మూసుకున్నారు. ఆవిడ బిగబట్టిన తుమ్ములన్నీ, పెరట్లో, పంపు చప్పుడు కింద, ఇన్నేళ్లూ తన పక్కనే మెల్లమెల్లగా నడిచి వెళ్లిపోయినట్టు ఆయనకి అనిపించింది. తనేమో ఎక్కడెక్కడి దేశాల తుమ్ములో వెతుక్కున్నారు.

అప్పుడే రమామణి ఫోను టింగుమంది. పుష్పవల్లి. వీడియో, దాని కింద, 'అక్కా, ఇది బావగారేనా? మా వాళ్లంతా అడుగుతున్నారు, నాకు సిగ్గుతో చచ్చిపోవాలని ఉంది.'

రమామణి కళ్లజోడు పెట్టుకుని వీడియో మొదటి నుంచి చివరిదాకా చూసింది. వెకిలి సంగీతం గదంతా నిండింది. పట్టాభిరామయ్య గారు ఎండలో తేలే దుమ్ము వంకే చూస్తున్నారు. ఆవిడ మొహం చూసే ధైర్యం లేదు. రమామణి మళ్లీ ఒకసారి చూసింది. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని, చెవిటి వాళ్లకి చెప్పినట్టు గట్టిగా మాట్లాడింది.

"పుష్పా, మీ బావగారే. నాకు అంతా తెలుసు. బస్టాపులో ఆడపిల్లని దొంగతనంగా ఫోనులో తీసిన వెధవని తన్ని తగిలేశారు, ఆ కసితో వాడు పెట్టాడు ఇది. మీ వాళ్లు అడిగితే అదే చెప్పు. చచ్చిపోవడం ఎందుకు గానీ, ఇస్త్రీ లేని చొక్కాతో నలుగురిలో కూర్చున్నారు చూడు, దానికి మాత్రం నాకు సిగ్గేసింది. ఉంటాను, చిక్కుడుకాయలు వాడిపోతున్నాయి."

పంపేసింది. అంత పెద్ద లోకం అంత చిన్న ఫోనులోకి మళ్లీ వెళ్లిపోయినట్టయింది.

"రమామణీ," అన్నారాయన.

"మాట్లాడకండి. నాకింకా కోపం పోలేదు, పోయే దాకా ఉంటుంది. ఇకమీదట నాకు తుమ్ము వస్తే మీరు బాల్కనీలోకి పొండి. నేను హాయిగా ఇంట్లోనే తుమ్ముకుంటాను."

"బాల్కనీలోకా?"

"తలుపు వేసుకుని మరీ."

ఆయన బుద్ధిగా తలూపారు. రమామణి పళ్లెం ఆయన వైపు జరిపి, "పొడి చేసింది చాలు, సరిగ్గా తీయండి. ఇంతకీ ఆ ప్రణవి అనే పిల్ల ఎక్కడుంటుంది? మొగుడికి పెళ్లిచూపుల్లోనే చెప్పిందన్నారే, ఒకసారి భోజనానికి రమ్మనండి. ఎలా చెప్పిందో నేను అడగాలి," అంది.

పట్టాభిరామయ్య గారు ఒక కాయ తీసుకున్నారు. ఈనె ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా వచ్చింది. కింద రోడ్డు మీద పోచయ్య ఎవరినో, "ఏం వీడియోరా బై, పని లేదా?" అని కేకలేస్తున్నాడు.