కప్పు అతుకులు

సాలెగూడు దులుపుతుంటే చీపురుకర్ర కొస మంచం పైనున్న కప్పు చెక్కలోకి దిగబడింది, పాలలో నానిన బిస్కెట్టులోకి దిగినట్టు. ఆర్డిత్ కర్ర వెనక్కి లాగితే దాని వెంట నల్లటి నీళ్ళు కారాయి. అరిజోనా ఎడారిలో వాన పడేది చలికాలంలో రెండు మూడుసార్లే. పడితే మాత్రం దానికి దయాదాక్షిణ్యాలుండవు. ఈసారి మూడు రోజులు కురిసి వెళ్ళింది.

మంచం, పొయ్యి అన్నీ లోపలే ఉన్న ఆ పెద్ద మోటారు బండే ఆర్డిత్‌కి, ఆమె భర్త వెండెల్‌కి ఇల్లు. ఎనిమిదేళ్ళ కిందట మోంటానాలో ఇల్లమ్మేసి కొన్నారు. చలికాలం ఈ ఎడారిలో మరో నాలుగొందల బండ్ల మధ్య, వేసవి ఉత్తరాన కొండల్లో. నడిపేది వెండెల్ ఒక్కడే. ఆర్డిత్‌కి ఎడమ కన్ను సరిగ్గా ఆనదు, ఆమె స్టీరింగు ముట్టదు.

"కంగారెందుకే? వారంటీ ఉంది, పుస్తకం ఉంది," అన్నాడు వెండెల్. కానీ పైకి చూడకుండా అన్నాడు.

కప్పు రేకుకి పన్నెండేళ్ళ వారంటీ. లోపలికి గాలాడేందుకు కప్పులో అమర్చిన గాలి గూళ్ళ చుట్టూ, అంచుల వెంబడి అతుకులకు నీళ్ళు దిగకుండా పూసే సీలెంటుకి మాత్రం వారంటీ లేదు, దాన్ని కాచుకోవలసింది సొంతదారే. మూడు నెలలకోసారి ఎక్కి చూడాలి, పగిలిన చోట పూయాలి, తేదీ వేసి పుస్తకంలో రాయాలి. అలా చేశాక కూడా నీళ్ళు దిగి చెక్క పుచ్చిపోతే కంపెనీ బాగు చేసి పెడుతుంది. ఆ మకాంలో నిజంగా ఎక్కేవాళ్ళెందరో దేవుడికెరుక. చాలామంది కంపెనీ మనిషి వస్తున్నాడనగానే కూర్చుని, నాలుగు రంగుల పెన్నులతో ఏడాది రాత ఒక్క పూటలో కానిచ్చేస్తారు. వెండెల్ అలాంటివాళ్ళని నలుగురిలో కడిగేసేవాడు. ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన మనిషి, ఎవరి కప్పు కారినా అతన్నే పిలిచేవాళ్ళు.

కంపెనీ నుంచి కోల్బీ అనే కుర్ర మెకానిక్కు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పైకెక్కి, అరగంట తర్వాత దిగి, ఫోనులో ఫోటో చూపించాడు.

"పెద్దాయనా, గాలి గూడు చుట్టూ సీలెంటు నోరు తెరిచింది. పగుల్లో దుమ్ము కూడా గట్టిపడింది. ఇది నిన్నా మొన్నటిది కాదు."

"ఎడారిలో దుమ్ముకి ముహూర్తం కావాలా? మొన్న మొన్న పుట్టి నాకు సీలెంటు పాఠం చెబుతావేంటోయ్!"

కోల్బీ నవ్వేశాడు. పుస్తకం తిరగేశాడు. మే, ఆగస్టు, నవంబరు పదిహేడు. అన్నిచోట్లా కుదురైన రాత: ఎక్కి చూశాను, బాగుంది.

"ఇంత శుభ్రంగా రాసిన పుస్తకం నేనింతవరకు చూడలేదు. సరే, పగులు కొత్తదనే రాసేస్తాను. అమ్మగారూ, మీరిక్కడ సంతకం పెట్టాలి. ఈ తేదీల్లో ఆయన ఎక్కడం చూశానని. అంతే, మీ కప్పు కొత్తదైపోతుంది."

ఆర్డిత్ పెన్ను అందుకుంది. మొదటి తేదీ చూసింది. మే నెలలో ఆ రోజు, "వెళ్ళి జుట్టు కత్తిరించుకుని రా, ఎన్నాళ్ళయింది!" అని వెండెలే తరిమాడు. ఆగస్టులో చెల్లెలి దగ్గరికి పంపాడు. నవంబరులో పక్క బండి లువెట్టాతో సంతకెళ్ళమన్నాడు, తొందరేం లేదు, భోజనం కూడా అక్కడే చెయ్యమన్నాడు. ఈ వయసులో మా ఆయనకి నా మీద ధ్యాస పుట్టిందే అని లువెట్టా ముందు ఆమె ఎంత మురిసిపోయిందో! అది గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి.

"వెండెల్, నవంబరులో పైకెక్కావా?"

"పుస్తకంలో ఉందిగా."

"పుస్తకాన్ని అడగలేదు. నిన్నడిగాను."

కోల్బీ ఏదో మరచిపోయినట్టు తన ట్రక్కు వైపు నడిచాడు. వెండెల్ మడత కుర్చీలో కూర్చున్నాడు.

"నిచ్చెన మూడు మెట్లెక్కాను. మూడో మెట్టు మీద నేల గిర్రున తిరిగింది."

"ఎప్పట్నించి?"

"మే నుంచి."

అక్టోబరులో ఉత్తరాన్నించి దిగివచ్చారు. రెండు రోజుల ప్రయాణం, కనుమలు, ఒక పక్క లోయ. ఆమె అతని పక్కనే కూర్చుని కమలాపళ్ళు వలిచి నోటికందించింది.

"బండి నడిపేటప్పుడు?"

"కూర్చుంటే అంతగా రాదు."

"అంతగా?"

"ఒక్కసారే వచ్చింది. కనుమ దిగేటప్పుడు. పక్కకి తీసి ఆపాను. టైరు చూడ్డానికి ఆపాననుకున్నావు నువ్వు."

ఆర్డిత్‌కి కోపం వచ్చింది. ఆ వెంటనే భయం వేసింది, అయిపోయిన ప్రమాదం ఇప్పుడు ఎదురొచ్చినట్టు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాళాలు తీసుకుంటావు. అప్పుడిది ఉత్త రేకు డబ్బా. నేను అందులో కూర్చున్న ముసలాణ్ణి."

సంతకం పెడితే కప్పు బాగవుతుంది. మార్చిలో ఎప్పటిలాగే ఉత్తరానికి బయల్దేరవచ్చు. ఆ దారంటే ఆమెకు ప్రాణం. కొండల్లో మంచు కరిగి వాగులు పొంగడం చూడకుండా గడిచిన వసంతం ఈ ఎనిమిదేళ్ళలో లేదు. పెట్టేయాలనే ఉంది ఆమెకు. కానీ కాగితం మీద అతను నిక్షేపంగా ఉన్నాడని రాసిచ్చాక, ఏ నోటితో నడపొద్దంటుంది? కోల్బీ తిరిగిరాగానే పెన్ను అతని చేతిలో పెట్టింది.

"నేను చూడలేదు నాయనా."

"చూశారో లేదో ఎవరడుగుతారమ్మగారూ? ఈ మకామంతా ఇలాగే రాస్తారు."

"తెలుసు. ఈయన రాసేవాడు కాదు."

వెండెల్ తల దించుకున్నాడు. కోల్బీ కాగితం తనవైపు తిప్పుకున్నాడు. సంరక్షణ లోపం, వారంటీ వర్తించదు అని రాసి, కాగితం చించి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆర్డిత్ భర్త ముందు చెయ్యి చాపింది. బెల్టుకి ఉన్న తాళాలు విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆమె సాయం చెయ్యలేదు, తొందర పెట్టలేదు.

వారం ఎండకి చెక్క ఆరింది. పుచ్చిన మేర కోసి, తెలిసినంతలో ఇద్దరూ కలిసి పలక బిగించారు. ఇక మిగిలింది పైపని. డెబ్బై ఒకటో ఏట ఆర్డిత్ మొదటిసారి ఆ నిచ్చెనెక్కింది, ఒక జేబులో గీకుడు చాకు, ఒక జేబులో సీలెంటు గొట్టం. వెండెల్ కింద రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు.

"నువ్వు పైకి చూడకు, తల తిరుగుతుంది," అంది ఆమె.

"సరేలే. లేచిపోయిందంతా గీకెయ్. స్పిరిటుతో తుడిచాకే పుయ్. తడి ఉంటే అంటుకోదు. మరలు ఒక్కటి కూడా బయటికి కనబడకూడదు."

"అబ్బ, నస! చూస్తున్నానయ్యా."

ఆమె మోకాళ్ళ మీద పాకుతూ గూడు చుట్టూ పూసింది, అంచులు పూసింది. మధ్యాహ్నానికి పని పూర్తయింది. వెనక్కి వంగి చూసుకుంటే వంకరగా ఉన్నా ఎక్కడా ఖాళీ లేదు.

"అయిపోయింది," అని కిందికి కేకేసింది. "మళ్ళీ మూడు నెలలకేనా ఎక్కడం?"

"అక్కర్లేదు. దారి కుదుపులకే అతుకులు పగిలేది," అన్నాడు వెండెల్, ఎప్పుడూ అందరికీ చెప్పే గొంతుతోనే. "కదలని బండికి ఆర్నెల్లకోసారి చూస్తే చాలు."

కదలని బండి తమదేనని ఆ మాట అనేశాక గాని అతనికి తట్టలేదు. ఆమె పాదాలు మెట్టు మెట్టూ దిగివస్తుంటే, నిచ్చెన వదలకుండా ఏడ్చాడు.