ఉడికించని ఆకు

దేవవ్వకు తునికాకంటే ప్రాణం. బీడీలు చుట్టే చేతులు మరి! ఆకు మీద నీళ్లు చిలకరించి, గోనెపట్టాలో చుట్టిపెట్టి, మెత్తబడ్డాకే కత్తెర పడుతుంది. వేడి తగిలితే నల్లబడుతుందని ఎండ కూడా సోకనివ్వదు. అలాంటిదానితో బిడ్డ మమతారాణి, "అవ్వా, కత్తిరించంగ మిగిలిన ముక్కలు తేటనీళ్లు వచ్చేదాక ఉడికిచ్చి, ఎండబెట్టి, పొడిగొట్టి పెట్టు" అని చెప్పి కరీంనగర్ పోయింది.

మమతారాణి అక్కడ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదువుతోంది. పొయ్యిలోకి పోయే ఆ ముక్కల పొడి, రంగునీళ్లలో ఉండే క్రోమియం అనే విషపు లోహాన్ని పట్టేసుకుంటుందని కాలేజీ ల్యాబులో తేల్చింది. ఊళ్లో నూలుకు రంగులద్దే షెడ్డు సంతోష్‌రావుది. ఆ నీళ్లు వాగులో కలుస్తున్నాయని అధికారులు షెడ్డు మూయించబోతున్నారు. దేవవ్వ పెనిమిటి రామచంద్రం పని ఆ షెడ్డులోనే. ఆ పొడితో నీళ్లు శుద్ధిచేసి చూపిస్తానన్న మమతారాణితో, "ఒక్కసారి చూస్త బిడ్డా. కాకుంటే తాళమే" అన్నాడు సంతోష్‌రావు.

దేవవ్వకు ఉడికించడానికి చేతులు రాలేదు. ఉడికితే అది ఆకేనా? ఆకు సంగతి పిల్లకేం తెలుసులే అనుకుని, ముక్కల్ని శుభ్రంగా తుడిచి, నీడన ఆరబెట్టి, ముద్దుగా పొడికొట్టింది.

పొడి నింపిన డ్రమ్ములో రంగునీళ్లు పోశారు. కింది గొట్టంలోంచి చాయ్ డికాక్షన్ లాంటి నీళ్లు దిగాయి. షెడ్డు షెడ్డంతా నవ్వింది. "పోనీ బిడ్డా, మేమే ఉత్తగ ఆశపడ్డం" అన్నాడు సంతోష్‌రావు. మమతారాణి పొడిని వేళ్ల మధ్య నలిపి, దిగింది ఉడకని ఆకు రంగేనని పోల్చుకుని, తల్లివైపు చూసింది. తల వంచుకుని డ్రమ్ము ఖాళీ చేయబోయింది. నలుగురిలో తనను తప్పుపట్టలేక నింద బిడ్డే మోస్తోందని దేవవ్వకు అర్థమైంది.

"ఆగుండ్రి సారూ! నా బిడ్డ ఉడికియ్యమన్నది. ఆకు కరాబైతదని నేనే ఉడికియ్యలే. గీ ఎర్రనీళ్లు నా తెలివికి దిగినయ్, నా బిడ్డ సదువుకు గాదు. ఇంకొక్కసారి చూడుండ్రి!"

నవ్వులు ఆగిపోయాయి. సంతోష్‌రావు సరేనన్నాడు.

దేవవ్వ వాకిట్లో పెద్ద గిన్నె పెట్టింది. ఆకు నల్లబడుతుంటే మనసు చివుక్కుమంటూనే ఉంది, అయినా కట్టెలు ఎగదోసింది. ఎండబెట్టి కొట్టిన ఆ పొడి నింపితే, ఈసారి గొట్టంలోంచి తేటనీళ్లు వచ్చాయి. తేటగా ఉంటే చాలదు, విషం పోయిందో లేదో పరీక్ష చెప్పాలంటూ మమతారాణి సీసాలో పట్టుకుని బస్సెక్కింది.

వారం తిరక్కముందే సంతోష్‌రావు బీడీలు చేసే ఆడవాళ్ల మధ్యకే వచ్చాడు. "దేవవ్వా, రిపోర్టు వచ్చింది. క్రోమియం హద్దు లోపలికి దిగింది. షెడ్డు నడుస్తది. రామచంద్రం బిడ్డ గట్టిదే!"

దేవవ్వ ఒళ్లోని చాట పక్కకు పెట్టింది. కూర్చుని చెప్పే జవాబు కాదని లేచి నిలబడింది.

"నా బిడ్డ గూడ, సారూ. గీ ఆకుతోనే సదివిచ్చిన."