ఏడుపు బండి

నా నోరు మంచిది కాదని వరంగల్‌లో టాక్సీ నడిపే వాళ్ళందరికీ తెలుసు. బండిని బాగా చూసుకోని వాణ్ణి షెడ్డు బయటే నిలబెట్టి తిడతాను. ములుగు రోడ్డు మీద రేకుల షెడ్డు నాది. పేరు సారంగపాణి. మా వాళ్ళంతా మగ్గాల మీద బతికినవాళ్ళే, నాకొక్కడికే ఈ ఇనుము పిచ్చి పట్టింది. నేను అందరినీ తిట్టిన తిట్లు ఒక ఎత్తు, మొగిలయ్యను తిట్టినవి ఒక ఎత్తు.

మొగిలయ్యది పాత అంబాసిడర్. ఇంజను ముందర బెల్టుతో తిరిగే డైనమో పుల్లీ అరిగిపోయి, బండి కదిలితే చాలు కీచుమని అరిచేది. మామూలు అరుపు కాదది, ఆడమనిషి గొంతెత్తి ఏడ్చినట్టే ఉండేది. ఎంతసేపటి పనిరా, పుల్లీ మార్చుకో అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వాడి కారణం వాడికుంది. పెద్ద దవాఖానలో ఎవరైనా పోతే శవాన్ని ఊరికి చేర్చడానికి ఏ టాక్సీవాడూ ముందుకొచ్చేవాడు కాదు. మొగిలయ్య మాత్రం ఎవరడిగినా కాదనేవాడు కాదు. పాలకుర్తి అయినా, పాలంపేట అయినా, ఎక్కడికైనా సరే. పోనుపోను ఊళ్ళన్నీ ఆ చప్పుడును గుర్తుపట్టాయి. అది పొలిమేరలో వినిపిస్తే చాలు, ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేవాళ్ళు. ఎవరింటి ముందు ఆగుతుందోనని గుండెలు అరచేత పట్టుకుని చూసేవాళ్ళు. ఏడుపు బండి అని దానికి పేరే పడిపోయింది.

ఒకసారి ఉత్త బండితో తిరిగొస్తూ ఏదో ఊళ్ళో పెళ్ళి ఊరేగింపుకు ఎదురుపడ్డాడట. బ్యాండు మేళం దానంతటదే ఆగిపోయిందట. పెళ్ళికూతురి తల్లి శోకాలు మొదలుపెట్టిందట. ఆ సంగతి విని నేను బోల్టులు విప్పే పానా పట్టుకుని వాడి మీదికి పోయాను.

"మనిషివా, పశువువా? ఒక్క పుల్లీ మార్చుకోవడానికి ఏం రోగం నీకు?"

"అది నాకన్న ముందుగాల పోయి చెప్తది సారంగన్నా," అన్నాడు. "నేను దిగేసరికి ఆళ్ళకు ఎరుకైతది. లేకుంటే నేను ఏ నోటితోని చెప్పాలె?"

నిజమే. అన్నేళ్ళలో ఒక్క తల్లికి కూడా వాడు తన నోటితో చెప్పిన పాపాన పోలేదు. చెప్పే పనంతా బండిదే. సొంత ఊరు పాలంపేటకు, తల్లి సమ్మమ్మను చూడ్డానికి పోయినప్పుడు మాత్రం బండిని చెరువు కట్ట మలుపులోనే ఆపి ఇంటికి నడిచి పోయేవాడు. చప్పుడు వింటే ఊరంతా అనవసరంగా బెదిరిపోతుందని.

డెబ్బై ఎనిమిది వానాకాలంలో, నాట్లు పడుతున్న రోజుల్లో, ఒకనాడు పొద్దున్నే బండి అరుచుకుంటూ నా షెడ్డులోకి వచ్చి ఆగింది.

"సారంగన్నా, గీ సప్పుడు బంద్ చెయ్యాలె. ఇప్పుడే చెయ్యాలె."

"అబ్బో! ఇన్నొద్దులకు బుద్ధొచ్చిందా? ఏంది, పెండ్లి బేరం గిట్ల దొరికిందా?" అన్నాను.

వాడు బానెట్టు ఎత్తి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"కట్టయ్య పోయిండన్నా."

కట్టయ్య వాడి తమ్ముడు. ఊళ్ళో తల్లి దగ్గరుండి సేద్యం చేసేవాడు. నారుమడిలో పురుగు ముట్టింది. మా దగ్గర అలాంటప్పుడు పామును పాము అనరు. లారీలో వేసుకుని వరంగల్ దవాఖానకు తెచ్చారు. ముందురోజు కళ్ళు తెరిచి అన్నతో మాట్లాడాడు, గంజి తాగాడు. తమ్ముడు బాగైతున్నాడు, భయపడకు అని మొగిలయ్య బస్సు కండక్టరుతో తల్లికి కబురు కూడా పంపాడు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

నా నోట్లో మన్ను పడ, పెండ్లి అన్నాను.

"అవ్వ అరుగు మీదనే కూసుంటది. చెవులు సడక్ మీదనే ఉంటయ్," అన్నాడు, తల్లిని తలచుకుని. "అందరు నాట్లకు పోయి ఉంటరు, పక్కన పట్టుకునే మనిషి సుత ఉండదు. గీ సప్పుడు కట్ట మీద ఇనవడ్డదంటే ఆడనే పాణం ఇడుస్తదన్నా. నేను దగ్గర కూసోవాలె, చెయ్యి వట్టుకోవాలె, నా నోటితోని చెప్పాలె. బండి చెప్పొద్దు."

ఇంజను నడుస్తుండగా బెల్టు మీద కాసిని నీళ్ళు చల్లాను. అరుపు ఆగి, నీళ్ళు ఆరగానే మళ్ళీ మొదలైంది. అంటే బేరింగు కాదు, బెల్టే జారుతోంది. ఇంజను ఆపి, డైనమో బోల్టులు వదులు చేసి బెల్టు తీశాను. పుల్లీ గాడి అరిగి నున్నగా మెరుస్తోంది. పైగా షాఫ్టు మీద ఊగుతోంది. ఊడబెరకబోతే తుప్పు పట్టి రానంటే రానంది. కిరసనాయిలు పోసి, సుత్తితో మెల్లగా తట్టి, నోటికొచ్చినట్టు తిట్టి, ఎట్లాగో తీశాను. మొగిలయ్య గోడకానుకుని నేలను చూస్తూ కూర్చున్నాడు. ఇంకో రోజైతే నా తిట్లకు నవ్వేవాడు.

పాత సామాను కుప్పలో గాడి చెడని పుల్లీ ఒకటి దొరికింది. దాన్ని బిగించి కొత్త బెల్టు వేశాను. మా నాయన మగ్గం నుంచి తెచ్చుకున్న నూలు పోగు ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పుల్లీల మీద అడ్డంగా లాగి పట్టి, అన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశాను. వరస తప్పితే కొత్త బెల్టు కూడా అరుస్తుంది. పోగు ఎక్కడా వంగలేదు. బెల్టును బొటనవేలితో నొక్కి చూసి బోల్టులు బిగించాను.

స్టార్టు చేస్తే ఇంజను గురగుర తప్ప ఇంకే చప్పుడూ లేదు. అంత చక్కగా కుదిరింది పని. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోను?

"నేను సుత వస్త, నడువు," అన్నాను. వాణ్ణి ఒంటరిగా పంపడానికి మనసొప్పలేదు.

దవాఖానలో కట్టయ్యను తెల్లబట్టలో చుట్టించి వెనక సీట్లో పడుకోబెట్టాం. దారి పొడుగునా ఊళ్ళు. బండిని చూసి రోడ్డు మీది మనుషులు పక్కకు తప్పుకున్నారే గాని, ఇళ్ళలో నుంచి ఎవరూ బయటికి రాలేదు. మొగిలయ్య స్టీరింగు పట్టుకుని తనలో తాను గొణుక్కుంటున్నాడు.

"అన్నా, ముందుగాల ఏమనాలె? అవ్వా, తమ్ముడు... అని మొదలువెట్టాల్నా? ఊరందరి శవాలు మోస్తి. ఒక్కనాడన్న ఎట్ల చెప్తరో నేర్చుకోకపోతి."

"ముందుగాల దిగు. పోయి చెయ్యి వట్టుకో. మాట అదే వస్తది," అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

కట్ట మలుపు దాటాం. మొగిలయ్య తల్లిని చూడ్డానికి వచ్చినప్పుడు అక్కడే ఆగే బండి, ఆ రోజు ఆగకుండా ఊళ్ళోకి పోయింది. వీధిలో ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు.

సమ్మమ్మ అరుగు మీదే ఉంది. కళ్ళకు మసక ఉన్నా బండిని పోల్చుకున్నట్టుంది. తల ఒక పక్కకు వంచి విన్నది. కాసేపు అలాగే విని, నవ్వింది. ఆ నవ్వును నేను చచ్చేదాకా మరచిపోను. అరుగు దిగి గబగబా లోపలికి పోయింది.

మొగిలయ్య బండి ఆపి దిగేలోపే మళ్ళీ బయటికొచ్చింది. గుప్పిట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు.

"దిగకు బిడ్డా కట్టయ్యా, జర ఆగు! దిష్టి తీసినంకనే దిగు!" అంటూ వెనక తలుపు దగ్గరికి వచ్చేసింది. "పొద్దుగాల్నుంచి చెవులు అటే వెట్టుకుని కూసున్న, ఏడుపు బండి వస్తదేమో అని. ఏడ్వలే! అన్న నిన్ను బతికిచ్చి తెచ్చిండు! సమ్మక్క తల్లీ, నా కొడుకెత్తు బెల్లం తూచి ఇస్త నీకు!"

మొగిలయ్య ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టేసి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అనుకుంటూ వెనక కిటికీ ముందర గుప్పిట తిప్పసాగింది. దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ వాడి నోటికి రాలేదు. ఇవతల నిలబడి నేనైనా ఆగమని చెబుదామనుకున్నాను. ఊరందరినీ తిట్టే నా నోరు కూడా పెగలలేదు.

"ఏందిరా, పలుకవు?" అంటూ ఆమె కిటికీలో చెయ్యి పెట్టింది. బట్ట తగిలింది. దాని వెంట పాదాల దాకా తడుముకుంటూ పోయింది. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టిన గుడ్డపీలిక ఆమె చేతికి అందింది. ఉప్పు చేతిలోంచి జారిపోయింది, ఆమె అక్కడే మట్టిలో కూలబడింది.

అప్పుడు పట్టుకున్నాడు మొగిలయ్య ఆమె చెయ్యి. ఆమె శోకం పెట్టలేదు. పెద్దకొడుకు ముఖంలోకి చూసింది.

"ఊరందరి కోసం ఏడ్సిన బండి గదరా ఇది," అన్నది. "పరాయోళ్ళ పిల్లల కోసం ఏడ్సింది. నీ తమ్ముని కోసం ఒక్కపాలి ఏడ్వకపాయెనేందిరా?"

మొగిలయ్య గొంతెత్తి ఏడ్చాడు. అన్నేళ్ళు శవాలు మోసినవాడు ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఏడుపుకు వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నాట్లకు పోలేని ముసలివాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి, బండి ఎవరింటి ముందు ఆగిందో చూశారు.